ఆదివారం సెలవు

జిగణిలో మా ఫ్యాక్టరీకి కొత్త రంపం కొన్నారు,
నూటిరవై బ్లేడ్లది.
దాన్ని నడపడం నేర్చుకోని రమ్మని
పద్దెనిమిది రోజులు నన్ను ఇటలీకి పంపినారు.
పాస్‌పోర్టు ఫోటోలో కూడా
నా కనుబొమ్మల మీద రాతిపిండి ఉంది.

మధ్యలో ఒక ఆదివారం.
మెషిను నేర్పే పిల్లోడు కారులో ఎక్కించుకోని
వాళ్ళ అమ్మమ్మ ఊరికి తీసుకపోయినాడు.
పియెత్రాల్బ అంట.
దారి కొండకి చుట్టిన తలపాగా,
నాకు మూడుసార్లు కడుపులో తిప్పింది.

ఊరంతా రాయి.
గోడ రాయి, ఇంటికప్పు రాయి,
కోళ్ళకి నీళ్ళు పెట్టే తొట్టి రాయి.
గడపలు మధ్యలో గుంటపడినాయి,
నాలుగొందల ఏండ్ల కాళ్ళు
ఉలి లేకుండా చేసిన పని.
ఉండే జనం పదకొండు మంది.
చర్చి గోడమీద
యుద్ధంలో పోయినోళ్ళ పేర్లు చెక్కినారు.
లెక్కపెట్టినా, ముప్ఫై రెండు.
అక్షరం తెలియకపోయినా చెక్కిన చెయ్యి తెలిసింది:
ఇరవయ్యో పేరు కాడ అలుపొచ్చింది,
గీత లోతు తగ్గింది.
చివరి పేరు మాత్రం మళ్ళీ లోతు.
ఎవరిదని అడగలేదు.

ఎర్సీలియమ్మ నా చేతులు పట్టుకోని తిప్పి చూసింది.
అరచేతిలో కాయగాసిన చోట నొక్కి
ఏదో అంది. పిల్లోడు నవ్వినాడు:
వాళ్ళాయన చేతులూ ఇట్లే ఉండేవంట.
ఆయన్ని చూపిస్తానని సమాధుల కాడికి నడిపించింది.

వెనకాల అడవి. ముళ్ళకాయలు టపటపా రాలుతున్నాయి.
ఎదురుగా లోయ, అందులో మంచు,
మంచులోంచి మేకల గంట.
అవన్నీ బాగానే ఉన్నాయి.
నేను చూసింది రాయిని.

పాత సమాధులన్నీ ఆ కొండ తెల్లరాళ్ళే, నాచుపట్టి.
ఆమె మొగుడిది మాత్రం నలుపు.
అద్దం.
వంగితే నా మొహం, నా వెనక మబ్బు.
వేలి కణుపుతో కొట్టినా.
పలికింది.
నలుపులో ఆవగింజంత పసుపు మెరుపు,
మా కనకపుర దారి రాయి!
ఎర్రరంగుతో నంబరు రాయించుకోని
లారీల మీద నా ముందు నుంచి ఎన్ని పోలేదు!
దీనికి పాలిష్ నేనే పట్టినానో, నాగవేణి పట్టిందో.
వీసా అడక్కుండానే నాకంటే ముందొచ్చి
ఎవరో ముసలాయన గుండెల మీద కూచుంది.

చెప్పాలనిపించింది.
పిల్లోడికి ఇంగ్లీషు కొంచెం, నాకు అంతకన్నా తక్కువ.
రాయి మీద చెయ్యిపెట్టి "మై విలేజ్" అన్నా.
ఆమెకి ఏం అర్థమైందో,
మెడలో గుడ్డ తీసి రాయి తుడిచి
నన్ను దానిమీదే కూచోమంది.
కూచోలేదు.

మా తాత సుంకన్న కొండని పొరలు పొరలుగా లేపేవాడు.
సాయంత్రం బండమీద కట్టెలు పేర్చి మంటపెట్టి
రాత్రంతా పక్కన చెవి ఆనించి పడుకుంటే
తెల్లారుజామున లోపల "టప్" అనేది.
పొర లేచినట్టు.
ఆ కొండ ఇప్పుడు బెంగళూరులో ఎక్కడెక్కడుందో.
కొంత జయనగరం ఇళ్ళ మెట్లు,
కొంత మురిక్కాలవ మూతలు.
కొండ ఉన్నచోట నీళ్ళగుంత,
పిల్లల్ని అటు పోనియ్యం.

ఇంటికొచ్చినాక, ఎర్సీలియమ్మ నా జేబులో పోసిన కాయలు
అవ్వ ముందు పెట్టినా. ఏడు.
పొయ్యి నిప్పుల్లో వేసింది.
ఒకటి టప్పున పేలింది.
అవ్వ ఉలిక్కిపడి వాకిలి వైపు చూసి
"మీ తాత" అంది.
చానాసేపు ఇంకేం అనలేదు.
తర్వాత ఒకటి ఊదుకోని, తోలు ఒలిచి, నమిలి,
"పనసగింజే కదరా,
దీనికోసమా అంత దూరం పోయినావు?"
అని, మిగిలినవన్నీ తనే తినేసింది.