జీడిగుర్తు

పదమూడు నెలలకి ఎంత ముట్టిందని
కాశీబుగ్గలో ఆడిటర్ గారు అడిగారు, కాగితం నింపుతూ.
సున్నా అన్నాను.
సున్నా వెయ్యాలన్నా పక్కగడిలో
ఏదో ఒక కారణం రాయాలట.
పెన్ను గాల్లో పట్టుకుని ఆయన ఆగారు.
నేను కిటికీలోంచి లారీని చూస్తున్నాను.

లారీ నిండా జీడిపిక్కల గోనెలు.
గోనెల మీద నీలిసిరా అక్షరాలు: నంపులా.

ఆ ఊరి పేరు మొదటిసారి చదివింది
అలాంటి గోనె మీదే, మూడో తరగతిలో.
అమ్మ దాన్ని కోసి గుమ్మంలో పరిచేది.
కాళ్లు తుడుచుకున్న ఊరికే
చివరికి స్టెతస్కోపు పట్టుకుని వెళ్లాను.

రెండు గదుల ఆసుపత్రి. రాత్రి తొమ్మిదింటిదాకా జనరేటర్.
నా మాట నర్సు ఒక భాషలోకి,
నర్సు మాట ఆయా ఇంకో భాషలోకి మార్చి
రోగికి చేర్చేసరికి
ఒక్కోసారి కడుపునొప్పి దానంతటదే తగ్గిపోయేది.

అతీజా మూడు రోజుల నొప్పుల తర్వాత
సైకిల్ క్యారియర్ మీద వచ్చింది.
బిడ్డని చేతికివ్వలేకపోయాను.
ఆమెని మాత్రం పోనివ్వలేదు.
సగం పనికి ఎవరైనా ఏం కృతజ్ఞత చెప్తారు?
నెలన్నరకి మళ్లీ వచ్చింది, కొంగులో పచ్చి పిక్కలతో.
పలాసదాన్ని కదా, నాకు తెలీదా అని
ఒకటి రాయిపెట్టి చితక్కొట్టాను.
నూనె చిమ్మి మణికట్టు భగ్గుమంది.

నిజానికి నాకేం తెలుసు?
ఇరవయ్యేళ్లు పిక్క కొట్టిన మా అమ్మ
ఫ్యాక్టరీ గడప నన్ను తొక్కనివ్వలేదు.

అతీజా నవ్వింది.
ఆయా గోడకి ఆనుకుని చూసింది, బిడ్డ పోయాక ఇదే మొదటి నవ్వని.
నవ్వుతూనే నా చెయ్యి ఒళ్లోకి లాక్కుని
కొబ్బరినూనె రాసింది, ఊదింది, మళ్లీ రాసింది.
అంతవరకూ ఆ ఊళ్లో అందరి చేతులూ నేనే పట్టుకున్నాను.
నా చెయ్యి ఎవరూ పట్టుకోలేదు.
"కొషుకురు" అన్నాను,
ఆ మాట రోజూ వినేదాన్నే, అనడం అదే మొదలు.

బొబ్బ మానింది. మచ్చ మిగిలింది.
మా రేవులో సూరమ్మ బట్ట అంచున
జీడితో చుక్క పెట్టేది.
అది నల్లజీడి, ఆ చెట్టు వేరు.
అయినా వందిళ్ల బట్టలు కలిసిపోయినా
ఏది ఎవరిదో ఆ చుక్కే చెప్పేది.

పోయిన మంగళవారం ఓపీకి దాలెమ్మ వచ్చింది.
వేళ్లు తారులా నల్లన,
రేషన్ మిషను ఆమె బొటనవేలిని మనిషిదని ఒప్పుకోదు.
ఏం అడిగినా "బాగానే ఉన్నాన"ంటుంది.
బీపీ పట్టీ చుడుతుంటే నా మణికట్టు చూసింది.
"ఓలమ్మ! నీకూ జీడి కాల్సిందేటి, డాక్టరమ్మా?
ఏ ఫ్యాక్టరీలో సేసినావు?"
చాలా దూరపు ఫ్యాక్టరీ అన్నాను.
కుర్చీ ముందుకి జరుపుకుంది.
చీర కుచ్చిళ్లు పైకి లాగి
నలుగురు డాక్టర్ల దగ్గర దాచిన వాపు కాళ్లు
నా ముందు పెట్టింది.
వేలితో నొక్కితే గుంట పడింది,
అలాగే ఉండిపోయింది.
రక్తపరీక్షకి చీటీ రాస్తూ
నా చెయ్యి ఎందుకు వణికిందో
ఏ గడిలో రాయను, ఆడిటర్ గారూ?

ఆయన ఇక ఆగలేక
"వర్తించదు" అని రాసుకున్నారు.

లారీ కదిలింది. గోనె చిరుగులోంచి ఒక పిక్క జారి
రోడ్డు మీద దొర్లింది.
బడిసంచీ కుర్రాడొకడు తీసి నోటిదాకా తెచ్చాడు.
కిటికీ ఊచల్లోంచి అరిచాను.
ఏ భాషలో అరిచానో నాకే తెలీదు.
వాడు మాత్రం పారేశాడు.