తెలిసిన సమస్యలు

ఓద్రా నది ఇంకా గడ్డకట్టలేదు గానీ
నవంబరు వచ్చి కిటికీకి ముఖం ఆనించింది.
వ్రొత్స్వాఫ్‌లో ఒక పాత మిల్లు, మూడో అంతస్తు,
రాత్రి రెండున్నర.
బొగ్నా ఒక్క వాక్యం కోసం కూర్చుంది.

ఆటలో ఉత్తరపు వంతెన.
మూటలెక్కువైన వాళ్లెవరు దాటబోయినా
పలకల్లోంచి జారి ఏటి అడుక్కి పోతున్నారు.
చావరు. అక్కడి నీళ్లకి ముంచడం తెలీదు.
పైకీ రాలేరు,
సర్వర్ ఆపి మళ్లీ మొదలుపెట్టేదాకా.

మంగళవారం రాసింది: "సమస్య మా దృష్టికి వచ్చింది."
బుధవారం: "పరిశీలిస్తున్నాం."
గురువారం: "ఇంకా పరిశీలిస్తున్నాం. మీ ఓపికకు ధన్యవాదాలు."
మేం ఇవ్వని ఓపికకి ధన్యవాదాలెందుకు, అని
కుంటికొంగ అనే పేరుతో ఎవరో అడిగారు.
బొగ్నా లేచి టీ పెట్టుకుంది.

తిట్లు చెరగడం ఆమె ఉద్యోగం.
"మీకు చేతకాదు, దుకాణం మూసుకోండి,
నా గాడిద కూడా మీకన్నా నయం,
నలభై ఉన్ని మూటలతో పడ్డాను, ముప్పై తొమ్మిదితో దాటాను."
పొట్టంతా ఎగిరిపోయాక చేటలో మిగిలిన గింజ:
నలభై, ముప్పై తొమ్మిది.
దాన్ని ఏరి లుద్విక్‌కి పంపింది.
పోర్టోలో రాత్రి డ్యూటీ చేసే గ్రాసా
ఏ పలక దగ్గర జారిందో పెన్నుతో గీసి ఫొటో తీసి పంపింది;
కాగితం అవతలి వైపు నుంచి
ఎవరివో జ్వరం అంకెలు లీలగా కనిపిస్తున్నాయి.

దొరికింది. ఒక మైనస్ గుర్తు లేదు.
వెంట్రుక ముక్కంత గీత.
అది రాయాల్సింది తనే కాబట్టి
లుద్విక్ చెవులు ఎర్రబడ్డాయి.

"స్థిరత్వంలో కొన్ని మెరుగుదలలు, అని రాసెయ్,"
కోటు తొడుక్కుంటూ గెరార్డ్ అన్నాడు. "మూడు ముక్కలు చాలు."

ఆమె భాషలో ఒక మాట ఉంది: నప్రవ్యోనో.
బాగుచేయబడింది.
చేసినవాడు వెనక గుమ్మంలోంచి వెళ్లిపోయిన క్రియ.
మనకీ ఉంది లెండి, ఆఫీసు కాగితాల్లో.
ఇంట్లో ఎవరం అలా మాట్లాడం,
ఇంట్లో మన పద్ధతి వేరు:
గ్లాసు పగలగొట్టాను అనం,
గ్లాసు పగిలిపోయింది అంటాం,
తనంతట తానే, పాపం, నేల మీదికి దిగినట్టు.

బొగ్నా నప్రవ్యోనో అని కొట్టింది.
తుడిపేసింది. మళ్లీ కొట్టింది.
మూడూ పదికి పంపిన మాట ఇది:
"ఒక మైనస్ గుర్తు పెట్టడం మేం మరిచిపోయాం.
వంతెన తప్పు లేదు. మీ మూటల తప్పు అంతకన్నా లేదు.
ఇప్పుడు పెట్టాం. దాటి చూసి చెప్పండి."

పొద్దున ట్రామ్‌లో నిలబడే ఫోను తెరిచింది, రాళ్ల కోసం.
రాళ్లున్నాయి, ఎప్పటంతే.
కుంటికొంగ మాత్రం ఇలా రాసింది:
"దాటాను. బాగుంది.
కానీ ఆ మూడు రాత్రులూ అడుగున మేం పదకొండు మందిమి.
వేరే పని లేదు, భాషలు కలవవు,
ఒకరు లాంతరు పెట్టారు, చుట్టూ కూర్చున్నాం.
ఇప్పుడు అక్కడికి ఎలా దిగాలి?"

మధ్యాహ్నం బొగ్నా నలభై ఒక్క మూటలెత్తుకుని వెళ్లింది.
వంతెన మోసింది.
నడిమధ్య ఆగి కిందికి చూస్తే
ఆకుపచ్చ నీళ్లలో చిన్న పసుపు చుక్క.

"అది ఉండడానికి వీల్లేదే," లుద్విక్ కుర్చీ లాక్కొచ్చాడు.
"సర్వర్ ఆపినప్పుడే తుడిచిపెట్టుకు పోవాలి."
చాలాసేపు లెక్కలు చూశాడు.
అతని వేలు మీట మీదే ఉంది.
"తీసెయ్యనా?"

ఆమె జవాబు చెప్పినట్టు ఎవరికీ గుర్తులేదు.

తర్వాతి మంగళవారం ప్రకటనలో
గొర్రెల అరుపు సరిచేశాం, వాన శబ్దం తగ్గించాం,
అన్నిటికీ అడుగున, తెలిసిన సమస్యల కింద:
ఉత్తరపు వంతెన దిగువన నీళ్లలో ఒక లాంతరు ఆరడం లేదు.
కారణం తెలుసు.