పదకొండు సెకన్లు

డాబాగార్డెన్స్‌లో, జిరాక్స్ షాపు మీద గది.
ఏసీ నీళ్లు పెయింటు డబ్బాలోకి కారుతున్నాయి.
స్క్రీన్ మీద గనగళ్ల నూకరత్నం
ఫిషింగ్ హార్బర్ మెట్ల మీద కూర్చుని
చూస్తోంది.
దేన్నో తెలీదు. పదకొండు సెకన్లు.
రెప్ప ఒక్కసారే వేసింది.

ఆ చూపు పక్కన ఖాళీ సముద్రం అతికించాను,
మొగుడు పోయిన మనిషైంది.
సముద్రం తీసి వంజరం గంప పెడితే
బేరం తెగ్గొట్టే గడుసుది.
గంప కూడా తీసేసి
డాల్ఫిన్స్ నోస్ కింద మలుపు తిరుగుతున్న పెద్ద ఓడ పెట్టాను.
మొహంలో ఒక్క కండా కదలకుండానే
ఆమెకి కోపం వచ్చింది.

నాకీ పని నేర్పిన తవిటినాయుడు గారు
పెళ్లి వీడియోలు కోసి కోసి కళ్లు పాడుచేసుకున్నారు.
"బొమ్మ కంటే ముందు చప్పుణ్ణి పంపరా,
చుట్టం కనపడక ముందే గేటు కిర్రుమన్నట్టు" అనేవారు.
అందుకే ఆమె మొహం ఇంకా ఉండగానే
తుఫాను సైరన్ మొదలెట్టాను.
ఆ సైరన్ వేరే రోజుది. వేరే రేవుది.
అతుకు తెలీకుండా కూర్చుంది.
నాకు భయం వేసింది అక్కడే.

ఛానెల్ వాళ్లు సముద్రం ఉన్నదే కావాలన్నారు,
కింద వయొలిన్ వేసి.

శుక్రవారం ఆమే వచ్చింది చూడ్డానికి,
చెప్పులు గుమ్మం బయట విడిచి,
చేతిసంచీలో ఎండు నెత్తళ్లతో.
చివరిదాకా చూసి అంది:
"ఏటి బాబూ, నా మొగుణ్ణి సంపేసినావా?
ఐసు బండి ఇంకా రాలేదేటని సూత్తన్నాను నాను.
ఆడు కింద టీ తాగుతున్నాడు, పిలవమంటావా?"

నవ్వింది. నేను నవ్వలేకపోయాను.
టైమ్‌లైన్ మీది గీతల్ని చూపుడువేలితో తడిమింది.
"మేవూ కోత్తాం.
తలకాయ ఒగ్గేసి ఒట్టి ముక్కలే ఇచ్చేత్తే
అదే సేపో కొన్నోడికి ఎలాగ తెలుత్తాది?"

ఆ రాత్రి సముద్రం తీసేశాను. సైరన్ తీసేశాను.
వద్దని పక్కన పడేసిన ముక్కల్లో
మిగతా షాట్ దొరికింది.
పన్నెండో సెకనులో ఐసు బండి హారన్.
ఆమె లేచి, కుచ్చిళ్లు దోపుకుని,
ఫ్రేమ్ దాటి వెళ్లిపోయింది.
ఖాళీ మెట్టు. ఆమె కూర్చున్నంత మేర తడి.
అలవాటుగా వేలు కోతకి వెళ్లింది.
ఆపుకున్నాను.
ఆ తడి అంచులు ఆరడం మొదలయ్యేదాకా
అలాగే వదిలేశాను.

పొద్దున్నే ఛానెల్ నుంచి ఫోను:
"మధ్యలో మెట్ల దగ్గర ఏదో స్టక్ అయినట్టుంది,
ఓసారి చూడండి."