తొడిమ కాడ

రేణిగుంట రోడ్డులో టైర్ల అంగడి మీద మా ఆఫీసు.
కింద ట్యూబుకు గాలి కొడితే
పైన నా టీ గ్లాసు వణుకుతుంది.

బెంగుళూరు క్లయింటు ఒక్క ముక్కే రాసినాడు:
"మీ సాఫ్ట్‌వేర్‌లో ఏమేం కలిపినారో జాబితా పంపండి."
"సాంబారు పొడి అనుకున్నాడా!" అని
హేమాద్రి సార్ నవ్వినాడు. నవ్వి, నా వైపు తిరిగినాడు.
ఈ ఆఫీసులో నవ్వు అయిపోయినాక మిగిలే పని నాదే.

బిల్డుకూ టెస్టుకూ నడుమ
ఒక స్కానర్‌ని నిలబెట్టినాను.
మొత్తం పద్నాలుగు వరసల కాన్ఫిగ్.
గేటుకు వాచ్‌మన్ని పెట్టినంత సులువు,
ఆ వాచ్‌మన్ నిజంగా మేలుకోని ఉంటాడని తెలిసేదాకా.

మేం పిలిచింది నలభై ఆరు లైబ్రరీలను.
వచ్చి కూర్చున్నవి పదకొండొందల నలభై మూడు.
పిలిచినోళ్లు పిలుచుకొచ్చినోళ్లు, వాళ్ల తోడల్లుళ్లు,
తోడల్లుళ్ల ఊరోళ్లు,
మూడేండ్లుగా మా ఇంట్లోనే తింటా ఉండారు.
ఒక్కరి మొగమూ నేనెరగను.

అందులో ఒగడు గంగజాతర వేషగాడు.
పేరులో ఒక్కక్షరం మార్చుకోని దూరినాడు.
జాతరలో అయితే రంగు కింద ఎవురుండేదీ వీధంతా తెలుసు,
బూతులు తిట్టినా నవ్వుకుంటారు.
వీడి రంగు కడిగేదానికి నాకు రెండు రాత్రులు పట్టింది.

ఇంకొకటి, తేదీలు లెక్కగట్టే చిన్న లైబ్రరీ.
రాసినాయన నాలుగేండ్లుగా పలకడం లేదు.
పగుళ్లు చూపించి జనం రాసిన ఉత్తరాలు
వాకిట్లో ఎవురూ ఎత్తని పాలపాకెట్లలా పేరుకోని ఉండాయి.
బాగుండాడో లేదో.
ఆయన లెక్కగట్టిన ఫిబ్రవరితోనే
ఇక్కడ మూడొందల మందికి జీతాలు పడతా ఉండాయి.

యాడో దొరికిన ఫైలు, లైసెన్సు ముక్కే లేదు.
"ఏమీ రాయలేదంటే ఫ్రీనే కదమ్మా" అన్నాడు సార్.
బంగారుపాళెం దోవలో కంచె లేని మామిడిచెట్టును
అడక్కుండా దులిపి చూడండి సార్, అన్నాను.

మా అమ్మ మునెమ్మ, సీజన్లో
చిత్తూరు కాడ గుజ్జు ఫ్యాక్టరీలో బెల్టు పక్కన నిలబడుతుంది.
లారీలకు లారీలు తోతాపురి ముందర పారతా ఉంటే
కాయ ఎత్తి, తొడిమ కాడ వాసన చూసి,
పక్కకు విసిరేస్తుంది.
"రంగు ఎవురైనా తెప్పిస్తారు పాపా.
కార్బైడు కాయ తొడిమ కాడ అబద్ధం చెప్పలేదు."
కూలి మీద ఆ ముక్కుకని ఎవరూ రూపాయి ఎక్కువియ్యరు.

"శుక్రవారం రిలీజు. ఎరుపొస్తే చెప్పమను,
ఆపొద్దను" అన్నాడు సార్.
ఘాట్ రోడ్డు మలుపులో 'హారన్ కొట్టండి' బోర్డు
ఎన్నేండ్లుగానో చూస్తా ఉండాం.
'హెచ్చరించు' అనే చోట 'ఆపు' అని మార్చి
కమిట్ చేసినాను.

అది ఆపిన మొదటి బిల్డు నాదే.

ఇన్‌వాయిస్ విడగొట్టే ముక్క. ఉద్యోగంలో చేరిన నెల,
రాత్రి రెండింటికి దొరికితే దించుకున్నాను.
పైన మూడు వరసలుంటే చెరిపేసినాను, పొడుగైందని.
చెరిపినా చేతిరాత గుర్తుపట్టింది స్కానర్.
ఆ మూడు వరసలూ తెర మీద ఎర్రగా లేచినాయి:
రాసినామె పేరు. సంవత్సరం.
తీసుకో, మార్చుకో, నాది కలుపుకున్న నీదాన్ని కూడా
పదిమందికీ తెరిచి పెట్టు.

డబ్బు అడగలేదు ఆమె.
నేను పేరే తుడిచేస్తిని.

సార్‌కు చెప్పినాను. ఈసారి నవ్వలేదు.
"ఎంతసేపు పడతాది?"
తెల్లారేదాకా, అన్నాను.
ఆమెది పక్కన పెట్టి, మొదట్నుంచి నేనే రాసుకున్నాను.
నూటపది వరసలు. ఆమెది ముప్పై ఎనిమిదే.
మేలైనదీ ఆమెదే.

పొద్దున ఐదింటికి జాబితా అచ్చయింది:
పదకొండొందల నలభై రెండు పేర్లు,
పేరు పేరు పక్కనా వాళ్లు పెట్టిన షరతు.
తేదీల ఆయనది ఒక్కటే వాక్యం:
"ఏమైనా చేసుకో, విరిగితే నన్ననొద్దు."
రెండుసార్లు చదివి పంపినాను.

కింద టైర్ల అంగడి షట్టరు లేచింది.
గ్లాసులో నిన్నటి టీ
మళ్లా వణకడం మొదలుపెట్టింది.