సగం ధర సామాను

పర్లాకిమిడి దాటాక, ఉదయగిరి రోడ్డు ఎత్తెక్కే ముందు
దామోదర పాత్రో యార్డు.
చచ్చిన బండ్లు కడుపులు పైకి పెట్టి ఉంటాయి,
నట్లు కిలో లెక్కన.
మా కమాండరు జీపుకి రెండు రోగాలు:
పొద్దుగూకితే లైట్లు ఆవులిస్తాయి.
బ్రేకు తొక్కితే కాలు నేలదాకా పోతుంది,
అప్పుడు బండి ఆలోచించుకుంటుంది.

కొత్త డైనమో బరంపురంలో ఆరు వేలు.
ఇక్కడ పదిహేను వందలు.
కొత్తదానికి అట్టపెట్టె ఉంటుంది, ఆరు నెలల కాగితం ఉంటుంది,
పెట్టె మీద కంపెనీ పేరులో ఒక అక్షరం తేడా కూడా ఉంటుంది.
పాతదానికి కాగితం లేదు.
ఇన్నేళ్లు తిరిగింది కదా, ఇంకో ఏడాది తిరగదా
అని లెక్క.
ఇంతకాలం బతికినవాడు రేపు చావడు అన్నట్టు.
తప్పుడు లెక్కని తెలుసు. అయినా వేస్తాను.

నమ్మించాలంటే ఒడియా, బేరమాడాలంటే తెలుగు, పాత్రోకి.
"భలా అఛి, భలా అఛి" అంటూ
గోనెపట్టా కింద నుంచి ఒకటి లాగి
పసిబిడ్డని తుడిచినట్టు తుడిచి
నా చేతుల్లో పెట్టాడు.

తెలిసిన బరువే.
తిప్పి చూశాను. విరిగిన చెవి, ఇత్తడి అతుకు,
పక్కన ఉలితో కొట్టిన మూడు చుక్కలు.
ఆ చుక్కలు నేను కొట్టినవి.

రెండేళ్ల కిందట, ఇదే బల్ల మీద,
నాలుగొందలకి అమ్ముకున్నాను.
"బేరింగు మొన్ననే మార్చాను బావూ,
నీళ్లు తాగినట్టు తిరుగుతాది."
మార్చలేదు.
ఇప్పుడదే మాట అతను నాకే అప్పజెబుతున్నాడు,
మొన్ననే మార్చారట, నీళ్లు తాగినట్టట.
నా అబద్ధం పదకొండొందలు పెరిగింది.

ఇసాకు గొమాంగో, నా క్లీనరు,
నవ్వాపుకోలేక టైర్ల గుట్ట వెనక్కి పోయాడు.
నాకు నవ్వు రాలేదు.
గురువారం సంతకి వాడి చెల్లెళ్లే ఎక్కుతారు
అల్లం బస్తాల మీద, అనాసపళ్ల మీద,
ముళ్లు గుచ్చుకున్నా కదలకుండా.
ఘాటీలో ఏడు మెలికలు.

పాతది కొనే ముందు ఒకటే అడుగుతాను నన్ను నేను:
ఇది పోతే బండిని తోసుకోవచ్చా?
డైనమో పోతే తోసుకోవచ్చు.
అద్దం పోతే గాలి. తలుపు పోతే తాడు.
బ్రేకు పోతే తోసే పని లేదు,
అదే పోతుంది.

పాత్రో అవి కూడా తెచ్చాడు, బ్రేకు సిలిండర్లు, డబ్బా నిండా.
"ఏ బండివి?"
కొండవైపు చూసి, "మంచి బండివే" అన్నాడు.
డబ్బా వెనక్కి జరిపాను.

డైనమో మాత్రం ఆరొందలకి అడిగాను. గుండె బాదుకున్నాడు.
"దీని బేరింగు మార్చలేదు" అన్నాను.
"నీకెలా తెలుసు?"
డబ్బు లెక్కపెట్టడంలో పడ్డాను.

రాత్రి కిరసనాయిలుతో కడిగి
తొంభై రూపాయల కొత్త బేరింగు దిగ్గొట్టాను.
రెండేళ్ల కిందటి మాట ఇవాళ్టికి నిజం.
"మళ్లీ అమ్ముతామా?" అన్నాడు ఇసాకు.
బరంపురం బస్సు ఎన్నింటికో కనుక్కోరా ముందు, అన్నాను.
బ్రేకు సామానుకి ఇంకా పదహారొందలు తక్కువ.