తోడు

దేవరకొండ నుంచి నల్లగొండ
ఎన్ని కిలోమీటర్లో డ్రైవర్ సైదులును అడుగుండ్రి.
నేను వేరే తీర్గ కొలుస్త.
కొండమల్లేపల్లి బస్టాండుల ఒకటి, తలుపుకు గొళ్ళెం లేదు.
గుర్రంపోడు బంకు కాడ ఒకటి, తాళంచెవి ఆ పిల్లగాని జేబుల.
కనగల్ దాటినంక
తుమ్మచెట్లే.

రెండేండ్ల సంది ఇదే లెక్క.
వేలు టికెట్ మిషను మీద, పానం పేగుల మీద.
రెండు రూపాల చిల్లరకు ముసలామె కొట్లాడుతుంటె
పండ్లు బిగవట్టి నవ్విన.
నెత్తురు వడుతున్నదని ఇంట్ల చెప్పలే.
జ్వరమైతె చెప్పొచ్చు.
ఇదెట్ల చెప్పాలె, అన్నం ముంగట గూసొని?

నుస్రత్ డాక్టరమ్మ చీటీ ఎనుక పెద్దపేగు గీసింది.
"ఇండ్ల కాపురముండేటోళ్ళు కోట్లమంది.
కొన్ని జాతులు ఖాళీ చేసి పోయినయి.
మిగిలినోళ్ళ మీద నీ ఒంటి పోలీసులే లాఠీలెత్తిండ్రు,
దొంగెవడో ఇంటోడెవడో తెలుస్తలేదు వాళ్ళకు."
కోట్లమందా!
యాభై సీట్ల బండిల నూటిరవైమందిని ఎక్కిచ్చుకొని
నేను గొప్పదాన్ననుకున్న.

ఐసుగడ్డల నడుమ తెల్ల పొట్లాలు ఇచ్చింది.
"గోలీలు మాత్రం ఆపకు. ఇది మందు గాదు, తోడు.
అందరికి పని చేస్తదని గూడ చెప్పలేను."

తోడు.
ఆ మాట పట్టుకొని ఇంటికొచ్చిన.
ఆ రాత్రే మా అత్త పాలు గోరువెచ్చగ చేసి
పెరుగు అయిపోయిందని నా చేతిల గిన్నె వెట్టింది.
పక్కింటి అండాలు చెంచెడు ఏసి
"ముఖమేంది గట్ల గుంజుకపోయింది?" అన్నది.
పిట్టగోడ కాడ నిలవడి మొత్తం చెప్పిన,
నెత్తురు, తాళంచెవి, తుమ్మచెట్లు.
ఆమె ఏం అనలే.
గిన్నెల ఇంకో చెంచ ఏసింది.

నాలుగు నెలలు.
కొన్ని వారాలు బంకు పిల్లగాడు యాదికే రాడు.
మొన్న బేస్తారం మళ్ళ ఎర్రగ.
డిపో నల్ల కాడ పొట్లం చింపి కలుపుకొని తాగిన,
దానికి రుచి లేదు, వాసన లేదు,
నమ్మకమంటె గూడ గిట్లనే ఉంటదేమో.

తోడేసిన గిన్నెను కదిలియ్యొద్దంటది అత్త.
నాది పొద్దందాక కదిలే కొలువు.
ఇంత కుదుపుల, లోపటి చీకట్ల
ఎవరో మెల్లగ పేరుకుంటున్నరనుకొని
తలుపు మీద చరిచి
రైట్ రైట్ అన్న.