పచ్చబడిన నీలం

వెన్న రాయిలా ఉంది.
మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అంటారు గానీ
గట్టివాణ్ణి మొత్తి లాభం లేదని
చెక్క గరిటె విరిగాక తెలిసింది.

బోనవిస్టాలో ఫిబ్రవరి.
మంచు అడ్డంగా కురుస్తోంది,
పైనుంచి కిందికి కురవడం ఇక్కడ ఎప్పుడో మరిచిపోయింది.
బెర్నిస్‌కి ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ.
కేకు కాల్చి, చల్లార్చి, గుడ్డ కప్పి
చీటీ రాసిపెట్టి వెళ్లింది:
వెన్న మెత్తబడనివ్వు.
చక్కెర జల్లించు.
తొందరపడకు.
లీవై, నిజంగానే తొందరపడకు.

ఇరవై ఆరేళ్లుగా పీతల పడవ నడుపుతున్నాను,
పదకొండేళ్లుగా ఆమె మొగుణ్ణి.
రెండోసారి ఎందుకు రాసిందో అడగక్కర్లేదు.

తెల్లారితే కెజాయాకి ఏడు నిండుతాయి.
నీలం కావాలంది.
బడిసంచీ నీలం కాదట, ఆకాశం నీలం కాదట,
సముద్రం నీలం.

వెన్నదిమ్మని రెండు చేసి
ఒకటి చంకలో, ఒకటి పొట్ట మీద
స్వెటర్ లోపల దాచుకుని కూర్చున్నాను
గుడ్లు పొదిగే పెట్టలాగా.
రేడియోలో గాలుల హెచ్చరిక.
వేలితో నొక్కితే గుంట పడాలి,
పడ్డ గుంట పూడకూడదు:
చీటీ వెనక ఇదీ రాసి ఉంది.
నలభై నిమిషాలు.
పీతల బుట్ట ముందు కూడా ఇంతసేపు ఊరికే కూర్చోలేదు.

అప్పుడు మిక్సర్.
పసుపు వెలిసి మీగడ రంగుకి వచ్చింది,
గిన్నె అంచుల్ని వదిలి, మళ్లీ అంటుకుని,
నా కళ్ల ముందే ఒళ్లు చేసింది.
బాగానే ఉందనుకుని
చక్కెర మొత్తం ఒక్కసారే గుమ్మరించాను.
తెల్లటి పొగ లేచింది.
కనుబొమల మీద, టీ కప్పులో, కుక్క వీపు మీద,
బయటి మంచు తలుపు తట్టకుండానే లోపలికొచ్చినట్టు.
కుక్క నాక్కుంటుంటే
కరెంటు పోయింది.

పడవలో వాడే తలదీపం తగిలించుకుని
పక్కింటి ఎఫీ టిల్లీ తలుపు కొట్టాను.
ఎనభై ఒకటి ఆవిడకి, పదకొండున్నరకి కూడా మేలుకునే ఉంది.
ఏం కావాలని అడగలేదు.
చక్కెర కొట్టుకుపోయిన నా మొహం చూసి
చేత్తో తిప్పే పాత గిలక తెచ్చిచ్చి
"ఉప్పు వేశావా?" అంది.
తీపిలో ఉప్పెందుకు అన్నాను.
"నోరు మూసుకుని చిటికెడు వెయ్.
ఉప్పు తగలని తీపి
సాక్ష్యం లేని మాటలాంటిది."

చిలికాను.
కుడిచెయ్యి, ఎడంచెయ్యి, మళ్లీ కుడిచెయ్యి.
గిలక కీచుమంటుంటే
పైగదిలో కెజాయా పక్క మీద పొర్లిన చప్పుడు.
చెంచాడు పాలు. వెనిల్లా. ఉప్పు.
ఆపైన సీసాలోంచి నీలం, చుక్క, చుక్క,
తలదీపం వెలుగులో ఏ రంగూ తేలక ఇంకో చుక్క.
ఫ్రీజర్ సంచీ మూల కత్తిరించి
నాకు తెలిసిన ఆకారం ఒక్కటే వేశాను:
డెక్కు మీద చుట్టిపెట్టిన తాడు,
చుట్ట పక్కన చుట్ట,
కేకంతా రేవు అయ్యేదాకా.

తెల్లారి చూస్తే
పచ్చగా ఉంది.

పసుపు మీద నీలం పడితే ఏమవుతుందో
చిన్నప్పుడు బడిలో చెప్పే ఉంటారు.
ఆ రోజు నేను గాలం పట్టుకుని ఎటో పోయుంటాను.

కెజాయా మెట్ల మీదే ఆగిపోయింది.
ఏడుస్తుందనుకున్నాను.
"ఇది ఎక్కడి సముద్రం?" అంది.
"యాభై మైళ్ల అవతల. ఏప్రిల్లో.
మబ్బు పట్టి, అడుగున మంచుగడ్డ ఉన్నప్పుడు
నీళ్లు సరిగ్గా ఇలాగే ఉంటాయి."
అబద్ధం కాదు.
ఇన్నేళ్లూ ఆ రంగు మీదే తిరుగుతూ
ఇంట్లో ఒక్కసారీ చెప్పలేదంతే.

వేలు పెట్టి ఒక తాడు తుంచుకుని తింది.
పళ్లన్నీ పచ్చ.

తొమ్మిదికి బెర్నిస్ వచ్చింది.
కోటు విప్పకుండానే కేకు చుట్టూ ఒకసారి తిరిగి,
విరిగిన గరిటె చూసి, కుక్కని చూసి,
"తొందరపడ్డావు," అంది.
అవునన్నాను.
చిన్న ముక్క కోసుకుంది. నమిలింది. ఆగింది.
"ఉప్పెవరు చెప్పారు?"
జవాబు వినకుండా
ఇంకో ముక్క కోసుకుంది, ఈసారి పెద్దది.